'హసన్‌పర్తి రోడ్'కు 16 గళ్లు సరిపోతాయా? సీ ప్రోగ్రామింగ్‌లో ఒక్క బైట్ చేసే గోల ఇదీ!

హసన్‌పర్తి: ఎర్రగట్టుగుట్ట దగ్గర కిట్స్, అనంతసాగర్‌లో ఎస్‌ఆర్ యూనివర్సిటీ.. హన్మకొండ నుంచి ఇటు వచ్చే బస్సుల్లో బ్యాగు తగిలించుకున్న ఇంజినీరింగ్ పిల్లలు కనిపించని ట్రిప్పు ఉండదు. వాళ్లలో ఈసీఈ వాళ్లకు బాగా తెలిసిన వస్తువు ఒకటుంది. వరుసకు 16 అక్షరాలు, మొత్తం రెండు వరుసలు చూపించే చిన్న ఎల్‌సీడీ డిస్‌ప్లే. మినీ ప్రాజెక్ట్ అంటే చాలామందికి గుర్తొచ్చేది ఇదే.

ఇప్పుడు ఓ స్టూడెంట్ రైల్వే స్టేషన్ బోర్డు మోడల్ చేస్తున్నాడనుకుందాం. బోర్డు మీద ఇంగ్లిష్‌లో 'హసన్‌పర్తి రోడ్' అని రావాలి. స్పెల్లింగ్ లెక్కపెట్టండి. హసన్‌పర్తికి 11 అక్షరాలు, మధ్యలో ఒక ఖాళీ, రోడ్‌కు 4. మొత్తం 16. డిస్‌ప్లేలోనూ 16 గళ్లే! భలే కుదిరింది కదా అని, ప్రోగ్రామ్‌లో 16 బైట్ల బఫర్ పెట్టి, స్ప్రింట్‌ఎఫ్ ఫంక్షన్‌తో పేరు అందులోకి రాసేశాడు. సరిగ్గా ఇక్కడే దొరికిపోయాడు.

ఎందుకంటే సీ భాషలో ప్రతి స్ట్రింగ్ చివరా కంటికి కనిపించని ఒక సున్నా ఉంటుంది. దాన్నే నల్ అంటారు. 'పేరు ఇక్కడితో అయిపోయింది' అని ప్రోగ్రామ్‌కు చెప్పేది అదే. అంటే కావాల్సింది 16 కాదు, 17 బైట్లు. స్ప్రింట్‌ఎఫ్‌కు బఫర్ ఎంత పెద్దదో తెలియదు, అసలు అడగదు కూడా. 17వ బైట్‌ను తీసుకెళ్లి పక్కింట్లో పెట్టేస్తుంది. ఆ పక్కన ప్లాట్‌ఫామ్ నంబర్ దాచుకున్న వేరియబుల్ ఉందనుకోండి, 1 ఉన్నది కాస్తా 0 అయిపోవచ్చు. పక్కన ఏమీ లేకపోతే ప్రోగ్రామ్ సుబ్బరంగా నడుస్తుంది, ల్యాబ్‌లో మార్కులూ పడతాయి. అదే అసలు ప్రమాదం. తప్పు ఉంది కానీ కనిపించదు.

ఒక్క బైటే కదా అనుకోవద్దు. 1988 నవంబర్ 2న ఇంటర్నెట్‌ను అతలాకుతలం చేసిన మోరిస్ వార్మ్ వాడుకున్న దారుల్లో ఇలాంటిదే ఒకటి. ఫింగర్ అనే సర్వీసులో 512 బైట్ల బఫర్ ఉండేది. వచ్చిన లైన్‌ను కొలవకుండా అందులోకి చదివే గెట్స్ ఫంక్షన్‌ను అక్కడ వాడారు. అంతకన్నా పొడవైన లైన్ పంపి మెషీన్‌నే లొంగదీశారు. ఆ గెట్స్‌ను 2011లో వచ్చిన సీ స్టాండర్డ్ నుంచి పూర్తిగా తీసేశారు. స్ప్రింట్‌ఎఫ్ మాత్రం ఇంకా ఉంది.

మరి మార్గం ఏంటి? 1999 స్టాండర్డ్‌లోనే వచ్చింది, ఎస్‌ఎన్‌ప్రింట్‌ఎఫ్. దీనికి బఫర్ సైజు కూడా ముందే చెప్తాం. 16 అని చెప్తే 15 అక్షరాలు రాసి, చివర నల్ పెట్టి ఆగిపోతుంది. బోర్డు మీద రోడ్ స్పెల్లింగ్‌లో చివరి అక్షరం ఎగిరిపోతుంది కానీ, పక్కింటి గోడ మాత్రం కూలదు.

చాలామంది ఇక్కడితో పని అయిపోయిందనుకుంటారు. నిజానికి సగమే అయింది. ఎస్‌ఎన్‌ప్రింట్‌ఎఫ్ ఒక అంకె తిరిగిస్తుంది. అది ఎన్ని అక్షరాలు రాసిందో కాదు, చోటు ఉంటే ఎన్ని రాసేదో చెప్పే అంకె, నల్‌ను వదిలేసి. మన కేసులో వచ్చేది 16. ఆ అంకె బఫర్ సైజు కన్నా ఎక్కువైతేనే తెగిందని చెక్ పెట్టారనుకోండి.. 16 కన్నా 16 ఎక్కువ కాదు కాబట్టి 'అంతా పట్టింది' అని తేలుతుంది. తెగిన పేరుతోనే బోర్డు వెలుగుతుంది. చెక్ 'ఎక్కువ లేదా సమానం' అని ఉండాలి. మైనస్ అంకె వస్తే అసలు ఎర్రరే, అదీ విడిగా చూడాలి. బోర్డు మీద ఒక అక్షరం పోతే నవ్వుకుంటాం. కరెంటు బిల్లు మెసేజ్‌లో 15000 కాస్తా 1500గా తెగితే?

ఇంకో ఉచ్చు ఉంది. ఒకే బఫర్‌లో స్టేషన్ పేరు, తర్వాత టైమ్, తర్వాత ప్లాట్‌ఫామ్ వరసగా అతికిస్తూ, తిరిగొచ్చిన అంకెను కలుపుకుంటూ పోతారు. మొదటిది 20 అని వచ్చిందనుకోండి. మిగిలిన చోటు 16లోంచి 20 తీస్తే మైనస్ 4 అవ్వాలి. కానీ సైజు అంకెకు మైనస్ తెలియదు. అది కోట్లకు కోట్లు దాటిన భారీ సంఖ్య అయి కూర్చుంటుంది. సేఫ్ అనుకున్న ఫంక్షనే అప్పుడు హద్దు లేకుండా రాస్తుంది. అందుకే ప్రతి స్టెప్ తర్వాతా చెక్ చేసి, తెగితే అక్కడే ఆగాలి. అలాగే, బఫర్‌ను వేరే ఫంక్షన్‌కు పంపాక అక్కడ సైజ్‌ఆఫ్ అడిగితే బఫర్ సైజు రాదు, పాయింటర్ సైజు వస్తుంది. 64 బిట్ సిస్టమ్‌లో సాధారణంగా 8. సైజును కూడా వెంట పంపాల్సిందే.

తెలుగులో రాస్తే లెక్కే మారిపోతుంది

ఇప్పుడు అదే పేరు తెలుగులో. 'హసన్‌పర్తి' అని చూస్తే కంటికి ఐదే అక్షరాలు. కంప్యూటర్‌కు అవి పది. హ, స, న, పొల్లు, కనిపించని ఒక గుర్తు, ప, ర, మళ్లీ పొల్లు, త, గుడి. ఆ కనిపించని గుర్తు లేకపోతే 'న్' కింద 'ప' వత్తుగా చేరిపోతుంది. యూటీఎఫ్-8లో వీటిలో ఒక్కోదానికి 3 బైట్లు. మొత్తం 30, నల్‌తో 31. ఇంగ్లిష్‌లో 12 బైట్లతో సరిపోయిన ఊరి పేరే ఇది! వెనకాల 'రోడ్' చేర్చితే నల్‌తో కలిపి 44.

30 బైట్ల బఫర్ ఇచ్చి ఎస్‌ఎన్‌ప్రింట్‌ఎఫ్ వాడితే 29 బైట్లు పడతాయి. అంటే 'హసన్‌పర్త' వరకు వచ్చి, గుడి మధ్యలో తెగుతుంది. స్క్రీన్ మీద దాని బదులు ప్రశ్నార్థకం ఉన్న నల్ల డైమండ్ కనిపిస్తుంది. మెసేజ్‌లలో మీరూ చూసే ఉంటారు. ఫార్మాట్‌లో 'పది వరకే' అని పెట్టినా అది పది అక్షరాలు కాదు, పది బైట్లే. తెగినప్పుడు వెనక్కి నడిచి, పూర్తిగా ఉన్న చివరి అక్షరం దగ్గర నల్ పెట్టాలి. ఇంకా మంచి పద్ధతి, ముందు సైజు సున్నా ఇచ్చి ఎస్‌ఎన్‌ప్రింట్‌ఎఫ్‌ను పిలవడం. ఏమీ రాయకుండా ఎంత చోటు కావాలో చెప్తుంది. దానికి ఒకటి కలిపి మెమరీ తీసుకుంటే తెగే బాధే ఉండదు. చిన్న మైక్రోకంట్రోలర్‌లో మెమరీ తక్కువ కాబట్టి ఇది అన్నిచోట్లా కుదరదనుకోండి.

2018 ఫిబ్రవరి గుర్తుందా? తెలుగు అక్షరం 'జ్ఞా' మెసేజ్‌లో వస్తే ఐఫోన్ యాప్‌లు క్రాష్ అయ్యాయి. ఆ వరసలోనూ మధ్యలో ఇదే కనిపించని గుర్తు ఉంది. అది ఎస్‌ఎన్‌ప్రింట్‌ఎఫ్ తప్పు కాదు. అక్షరాలను స్క్రీన్ మీద పేర్చే భాగంలోది. మెమరీ పాడవుతోందని యాపిలే ఒప్పుకుని, ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6తో సరిచేసింది. మన అక్షరాలతో టెస్ట్ చేయకపోతే ఏమవుతుందో ప్రపంచం మొత్తం చూసింది.

యూజర్ టైప్ చేసిన మాటను నేరుగా ఫార్మాట్ స్థానంలో పెట్టడం ఇంకో తప్పు. అందులో పర్సెంట్ గుర్తులుంటే వాటిని ఆదేశాలుగా తీసుకుంటుంది. 2021 జూన్‌లో పర్సెంట్ గుర్తులతో ఉన్న ఒక వైఫై పేరుకు కనెక్ట్ అయిన ఐఫోన్లలో వైఫై మొత్తం పనిచేయడం మానేసింది. ఐఓఎస్ 14.7తో అది సర్దుకుంది. సైజు ఎంత కరెక్ట్‌గా ఇచ్చినా ఈ తప్పును ఎస్‌ఎన్‌ప్రింట్‌ఎఫ్ ఆపలేదు. ఫార్మాట్ మనం రాసిందే ఉండాలి, యూజర్ మాట పర్సెంట్-ఎస్ వెనకాల రావాలి.

ల్యాబ్‌లో ఇవాళే చేయగలిగింది ఒకటుంది. కంప్యూటర్ మీద జీసీసీతో కంపైల్ చేసేటప్పుడు వార్నింగులన్నీ ఆన్ చేయండి, అడ్రస్ శానిటైజర్ ఆప్షన్ కూడా పెట్టండి. ఆ 16 బైట్ల బఫర్‌తో స్ప్రింట్‌ఎఫ్ ప్రోగ్రామ్‌ను మళ్లీ రన్ చేస్తే, 17వ బైట్ దగ్గరే ప్రోగ్రామ్ ఆగి, అది ఏ బఫర్‌ను దాటిందో ఎర్ర అక్షరాల్లో చెప్తుంది.