మూడు పాత ఫోన్లు, ఒక చిన్న సింథ్: 40 నిమిషాల యాంబియంట్ ట్రాక్ ఎలా చెయ్యాలి?

నారాయణఖేడ్ నుంచి మాట్లాడుతున్నా. ఇవాళ టాపిక్ యాంబియంట్ మ్యూజిక్. దీంట్లో బీట్ ఉండదు, పల్లవి చరణాలు ఉండవు. గదిలో అగరుబత్తి వాసన ఉన్నట్టు సౌండ్ అలా ఉంటది, అంతే. వినాలంటే వినొచ్చు, పక్కన పెట్టుకొని చదువుకోవచ్చు.

ఈ టాపిక్ ఎందుకంటే, డిగ్రీ సెకండ్ ఇయర్ చదివే ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, 60 వేల సింథ్ ఈఎంఐలో తీసుకుంటున్నా, గంట గంట ట్రాక్స్ చెయ్యాలంటే సరిపోతదా?" అని. తమ్ముడూ, ఈ ఎపిసోడ్ అయ్యేదాకా సంతకం పెట్టకు. ట్రాక్ పొడుగు మెషీన్ రేటు నుంచి రాదు, లెక్క నుంచి వస్తది.

అసలు పొడుగు సంగీతం మనకు కొత్తేం కాదు. మా వైపు మరాఠీ, కన్నడ, తెలుగు మూడూ కలిసిన ఊళ్లు కదా, అఖండ హరినామ సప్తాహాలు బాగా జరుగుతయి. ఏడు రోజులు భజన ఆగదు. వీణ అని ఒకటి ఉంటది, తంబూరాలాంటిది. దాన్ని కింద పెట్టరు. ఒకరు అలసిపోతే ఇంకొకరి భుజానికి మారుతది, శృతి మాత్రం నడుస్తనే ఉంటది. మనుషులు మారుతుంటరు, సౌండ్ మారదు. యాంబియంట్‌లో 'డ్రోన్' అంటే ఇదే.

ఇప్పుడు సింథసైజర్ల సంగతి. మన దేశానికి మూగ్ సింథసైజర్ 1969లోనే వచ్చింది, అహ్మదాబాద్ ఎన్ఐడీకి. అమెరికా నుంచి డేవిడ్ ట్యూడర్ వచ్చి సెట్ చేశాడు. యాంబియంట్ అనే పేరును పాపులర్ చేసింది మాత్రం ఇంగ్లండ్‌కి చెందిన బ్రయన్ ఈనో. 1975లో 'డిస్క్రీట్ మ్యూజిక్' అని ఒక ఎల్పీ రికార్డు తెచ్చాడు. ఒక వైపు మొత్తం ఒకటే ట్రాక్, 30 నిమిషాలు. ఆయన దగ్గరున్నవి ఒక చిన్న సింథ్, రెండు టేప్ రికార్డర్లు. 1978లో వచ్చిన 'మ్యూజిక్ ఫర్ ఎయిర్‌పోర్ట్స్'లో ఇంకో ట్రిక్ ఉంది. ఒక ట్రాక్‌లో గొంతులను వేర్వేరు టేప్ లూప్‌ల మీద పెట్టాడు. ఒకటి 23న్నర సెకన్లకోసారి తిరిగొస్తది, ఇంకొకటి దాదాపు 26కి, మరొకటి దాదాపు 30కి.

ఎందుకు ఈ వంకర నంబర్లు? ఇక్కడ మన ఆరో తరగతి క.సా.గు. పనికొస్తది. మూడు లూప్‌లు 16, 20, 24 సెకన్లవి అనుకోండి. క.సా.గు. 240. అంటే 4 నిమిషాలకే మూడూ మళ్లీ మొదటికి కలుస్తయి. 40 నిమిషాల ట్రాక్‌లో ఒకటే ముక్క 10 సార్లు వింటున్నట్టు. అదే 17, 19, 23 సెకన్లు పెట్టండి. మూడూ ప్రధాన సంఖ్యలు, కాబట్టి క.సా.గు. వాటి లబ్ధమే: 7429 సెకన్లు. 2 గంటల 3 నిమిషాల 49 సెకన్లు! మీరు వాయించింది ఒక నిమిషం కూడా కాదు, కానీ రెండు గంటలు అదే కలయిక మళ్లీ రాదు. కోడ్ రాసేవాళ్లకు చెప్పాలంటే, ఒకదానితో ఒకటి సింక్ కాని మూడు ఇన్ఫినిట్ లూప్స్. ఆఫీసులో ఇది బగ్, ఇక్కడ ఇదే మ్యూజిక్.

మరి ఏ స్వరాలు? ఎప్పుడు ఏది దేని మీద పడతదో మన చేతిలో లేదు కదా. అందుకే నేను మోహన తీసుకున్నా. స రి గ ప ద, అయిదే స్వరాలు. వీటిలో ఏ రెండింటి మధ్యా అర్ధస్వరం దూరం లేదు, కాబట్టి ఏది దేని మీద పడ్డా చెవికి గుచ్చుకోదు. 17 సెకన్ల లూప్‌లో స, ప. 19లో ఒక్క గ. 23లో ద, తర్వాత రి. ప్రతి లూప్ చివర కొన్ని సెకన్లు ఖాళీ వదలండి. ఆ ఖాళీయే ముఖ్యం. నింపేస్తే అంతా గజిబిజి.

నా సింథ్ కోర్గ్ వోల్కా కీస్. 2013లో వచ్చింది, అరచేతికి కాస్త పెద్దది, ఒకేసారి మూడు స్వరాలు పలుకుతది. ఆరు పెన్సిల్ సెల్స్‌తో నడుస్తది. కరెంటు పోయినా రికార్డింగ్ ఆగదు, మా ఊళ్లో అది చిన్న విషయం కాదు. సెకండ్ హ్యాండ్‌ది చాలు. దీంట్లో మూడు నాబ్‌లు అర్థమైతే పని అయిపోయినట్టే.

మొదటిది అటాక్, దాంతోపాటే రిలీజ్. సీలింగ్ ఫ్యాన్ స్విచ్ వేస్తే ఒక్కసారిగా తిరగదు, మెల్లగా అందుకుంటది. అది అటాక్. ఆపేశాక మెల్లగా ఆగుతది చూడండి, అది రిలీజ్. వోల్కాలో రిలీజ్‌కి విడిగా నాబ్ లేదు, డికే-రిలీజ్ అని ఒకటే. రెండూ బాగా పెంచండి. రెండోది ఫిల్టర్ కటాఫ్. బయట పెళ్లి బరాత్ డీజే పోతుంటే తలుపు మూయండి, దుమ్ దుమ్ ఒక్కటే లోపలికి వస్తది. కటాఫ్ తగ్గించడమంటే ఆ తలుపు మూయడం. మూడోది ఎల్ఎఫ్ఓ. మీ బదులు ఆ తలుపును మెల్లగా తీసి మూసే చెయ్యి అనుకోండి. దాని స్పీడ్ బాగా తగ్గించండి. ఫాస్ట్‌గా పెడితే అంబులెన్స్ అయితది.

ఇంకో మాట. అనలాగ్ సింథ్ వేడికి శృతి జారుతది. ఆన్ చేసి 15, 20 నిమిషాలు వదిలేసి, అప్పుడు శృతి చూసుకోండి. మేలో అయితే కచ్చితంగా.

ఇగ ఫోన్ల సంగతి. ఈనోకి టేప్ రికార్డర్లు ఉండె, మనకు డిస్‌ప్లే పగిలిన పాత ఫోన్లున్నయి. ఒక్కో లూప్‌ను ఒక్కో ఫోన్లో వేసి రిపీట్ పెట్టండి. 3.5 ఎంఎం జాక్ ఉన్న పాతవే మేలు. రిపీట్ దగ్గర ప్లేయర్ అర సెకను ఆగినా బాధ లేదు, లూప్ చివర ఎలాగూ ఖాళీ పెట్టాం. పైగా లెక్క ఇంకా వంకర అయితది. మూడింటికీ ఫ్లైట్ మోడ్, ఈక్వలైజర్ ఆఫ్. మూడు ఫోన్లూ చిన్న మిక్సర్‌లోకి. నాలుగో లైన్ ఎలక్ట్రానిక్ శృతి బాక్స్. సంగీతం నేర్చుకునేవాళ్ల ఇంట్లో ఉంటది, అడిగితే ఇస్తరు. నిజానికి అది కూడా సింథసైజరే, మనం ఆ పేరుతో పిలవం గానీ. మా వీధిలో అడిగి తెచ్చుకున్నా. అయిదో లైన్ సింథ్, లైవ్‌గా.

రికార్డ్ నొక్కాక మొదటి 4 నిమిషాలు శృతి ఒక్కటే. తర్వాత ఒక్కో ఫోన్‌ను మెల్లగా పైకి తెండి, దేనికీ తొందర వద్దు. మధ్యలో 20 నిమిషాల పాటు నేను చేసేది ఒకటే, కటాఫ్‌ను వెంట్రుకంత వెంట్రుకంత తెరవడం. చెయ్యి దురద పెడతది, ఏదో ఒకటి వాయించాలనిపిస్తది. వాయించొద్దు. లెవల్ మైనస్ 12 డీబీ దగ్గర ఉంచండి, ఎందుకంటే మూడు లూప్‌లూ ఒకేసారి ఉబికే క్షణం ఎప్పుడొస్తదో తెలియదు. చివరి 3 నిమిషాలు ఫేడ్, శృతి అందరికంటే ఆఖర్న పోవాలి.

24 బిట్, 48 కిలోహెర్ట్జ్ స్టీరియోలో 40 నిమిషాలంటే దాదాపు 690 ఎంబీ. ఫోన్‌లోనే రికార్డ్ చేసేవాళ్లు ముందు స్టోరేజ్ చూసుకోండి.