పాత పటములలో నీటి జాడలు

అమెరికా సంయుక్త రాష్ట్రములలో రాకీ పర్వతములకు తూర్పున, దక్షిణ డకోటా నుండి టెక్సాస్ వరకు ఎత్తయిన మైదాన మొకటి వ్యాపించి యున్నది. చూపునకు బల్లపరుపుగా నుండును గాని, తూర్పునకు మైలుకు సుమారు 10 అడుగుల చొప్పున వాలియుండును. కంటికందని ఈ వాలును సమోన్నత రేఖలు గల పటము ఇట్టే చూపును. 1879లో ఏర్పడిన అమెరికా జియలాజికల్ సర్వే కొలది యేండ్లకే ఇట్టి పటములు గీయ నారంభించినది.

కాన్సాస్ రాష్ట్రములోని గార్డెన్ సిటీ వద్ద 1880 తరువాత ఆర్కన్సా నది నుండి కాలువలు త్రవ్విరి. ఇట్టి కాలువలు పటములో సమోన్నత రేఖలకు దాదాపు సమాంతరముగా సాగును. నీరు తనంత తాను పారవలెనన్న కాలువ కొద్దికొద్దిగానే దిగవలెను గదా! దిగువ పొలమునకే నీరు, ఎగువ పొలమునకు లేదు. కాలువ గీతయే మాగాణికి, మెట్టకు సరిహద్దు.

ఈ సరిహద్దును పంపు చెరిపివేసినది. మైదానము క్రింద ఎనిమిది రాష్ట్రముల మేర, సుమారు 1,74,000 చదరపు మైళ్ళలో భూగర్భ జలమున్నది. 1952లో ఫ్రాంక్ జైబాక్ అను రైతు, బావి చుట్టు తిరుగుచు నీరు చల్లు యంత్రమునకు పేటెంటు పొందెను. అరమైలు చదరమైన 160 ఎకరముల పొలములో అది తడుపు వృత్తము సుమారు 125 ఎకరములు. మూలలు ఎండియే యుండును. విద్యార్థులు లెక్కించి చూడవచ్చును.

చిత్రమేమనగా, విమాన ఛాయాచిత్రములో కొట్టవచ్చినట్లు కనిపించు ఈ పచ్చని వృత్తములు స్థలాకృతి పటములో సాధారణముగా కానరావు. అందు ఆకుపచ్చ రంగు అడవులకు, తోటలకే గాని పైరునకు కాదు.

తోడిన కొలది జలమట్టము దిగి నదికి ఊట తగ్గినది. ఎగువన కొలరాడోలోను నీటిని మళ్ళించిరి. 1970 దశకము నుండి పశ్చిమ కాన్సాస్‌లో ఆర్కన్సా చాలభాగము వట్టి ఇసుకయే. కావున పాత పటమున నీలము చూచి నేడు నీరున్నదని తలచరాదు. మన సర్వే ఆఫ్ ఇండియా పటములలో ఎండువాగు నల్లగీత. అమెరికా పటములలో అప్పుడప్పుడు మాత్రమే పారు వాగును నీలముతోనే, చుక్కలతో తెగిన గీతగా చూపుదురు. ఈ భేదము తెలియక పొరబడువారు పెక్కురు.

పటము అడుగున సర్వే చేసిన యేడు, ముద్రించిన యేడు వేరువేరుగా నుండును, మొదటిదానినే నమ్మవలెను. ఊదారంగున్నచో, అది ఛాయాచిత్రములను చూచి తరువాత చేర్చిన మార్పు. క్షేత్రమునకు పోయి సరిచూచినది కాదు. ఈ పాత పటములను ఆ సంస్థ అంతర్జాలములో ఉచితముగా నుంచినది. ఒకే చోటికి చెందిన రెండు కాలముల పటములను ప్రక్కప్రక్కన నుంచి, ఏ కాలువ నిలిచినదో, ఏ బావి క్రొత్తగా వచ్చినదో తరగతిలో వెదకింపవచ్చును.