అద్దె సర్వరులో కాలం, చోటు

క్లౌడ్‌లో సర్వరు తీసుకోబోయేవాళ్లు మొదట అడిగేది, ఎంత పెద్దది తీసుకోవాలి అని. అల్లవరం, కాట్రేనికోన వైపు రొయ్యల చెరువుల్లో ఆక్సిజన్ కొలిచే పరికరాలు పంపే అంకెలు దాచాలన్నా, అమలాపురంలో ఓ కాలేజీ ఫలితాలు పెట్టాలన్నా, కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థంలో తీసిన వీడియోలను ఫోన్లలో ఆడేలా మార్చాలన్నా ఎక్కడో ఒక సర్వరు నడవాలి. అయితే ఈ మూడు పనులకూ ఒకే రకం సర్వరు పనికిరాదు, ఎంత పెద్దదైనా సరే. ఈ పనిలో ముందు అయిపోయేది ఏది, ప్రాసెసర్ సమయమా, మెమరీలో చోటా అన్నది అసలు ప్రశ్న. ధరల పట్టికలో ఆ రెండూ పక్కపక్క గడుల్లో అంకెలుగా కూర్చుని అన్నదమ్ముల్లా కనిపిస్తాయి గానీ వాటి స్వభావాలకు పొంతనే లేదు. సమయాన్ని ఇచ్చి తీసుకోవచ్చు, అరువు పెట్టవచ్చు. చోటుతో ఆ ఆట సాగదు. ఇది ఎందుకో తెలియాలంటే ఒక కంప్యూటరును పదిమందికి పంచే యంత్రాంగం లోపలికి తొంగిచూడాలి.

ఆ పంపకం చేసే సాఫ్ట్‌వేరు హైపర్‌వైజర్. ఐబీఎం పెద్ద కంప్యూటర్ల మీద 1960లలోనే ఇది పుట్టింది. అద్దెకు దిగిన ఆపరేటింగ్ సిస్టమ్‌ను, అంటే అతిథిని, హైపర్‌వైజర్ తక్కువ హోదాలో నడుపుతుంది. కూడికలు, పోలికలు, అక్షరాల కదలికలు ఎవరి అడ్డూ లేకుండా నేరుగా ప్రాసెసర్ మీదే జరిగిపోతాయి. యంత్రం మొత్తాన్ని ప్రభావితం చేసే ఆదేశం ఏదైనా ఇస్తే మాత్రం ప్రాసెసర్ దాన్ని అక్కడికక్కడే ఆపి హైపర్‌వైజర్‌కు అప్పగిస్తుంది. ఆ ఆదేశం నెరవేరినట్టు హైపర్‌వైజర్ నమ్మించి, అతిథిని మళ్లీ వదులుతుంది. ఇదంతా సాగాలంటే అలాంటి ప్రమాదకరమైన ఆదేశం ప్రతిదీ తప్పకుండా పట్టుబడాలి. 1974లో గెరాల్డ్ పోపెక్, రాబర్ట్ గోల్డ్‌బర్గ్ ఈ షరతునే గణిత సిద్ధాంతంగా రాసిపెట్టారు. మన బల్లల మీదికి వచ్చిన ఇంటెల్ ఎక్స్86 ప్రాసెసర్లకు ఆ షరతు పట్టలేదు. వాటిలో పాప్ఎఫ్ అనే ఆదేశం ఉంది. ఇంటరప్టులను, అంటే పరికరాలు ప్రాసెసర్‌ను పిలిచే సంకేతాలను, ఆపమనో తెరవమనో చెప్పడానికీ అది పనికొస్తుంది. తక్కువ హోదాలో ఉన్న ప్రోగ్రాము దాన్ని వాడితే ప్రాసెసర్ ఆపదు, తప్పని చెప్పదు, ఆ భాగాన్ని చడీచప్పుడు లేకుండా వదిలేసి ముందుకు పోతుంది. పని జరిగిందని అతిథి అనుకుంటుంది. అసలు అడిగారన్న సంగతే హైపర్‌వైజర్‌కు చేరదు. ఇలాంటి ఆదేశాలు పెంటియంలో 17 ఉన్నాయని తర్వాత పరిశోధకులు లెక్కతేల్చారు.

ఈ చిక్కుముడి మీద జరిగిన పోటీ కంప్యూటర్ చరిత్రలో చూడముచ్చటైనది. 1998లో పుట్టిన వీఎమ్‌వేర్ సంస్థ, అతిథి కోడును నడిచే క్షణంలోనే చదివి, ఆ 17లో ఏది కనిపించినా దాని స్థానంలో సురక్షితమైన కోడును పెట్టి, అలా మార్చిన ముక్కను మళ్లీ వాడుకునేందుకు దాచుకుంది. విండోస్‌కు తనను ఎవరో తిరగరాస్తున్నారని తెలియనే తెలియదు. 2003లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన జెన్ అనే హైపర్‌వైజర్ దారి వేరు. అతిథిని మోసగించడం దేనికి, అతిథికే నిజం చెప్పేద్దాం అన్నారు వాళ్లు. ఆపరేటింగ్ సిస్టమ్ సోర్స్ కోడునే మార్చి, ప్రమాదకరమైన చోటల్లా నేరుగా హైపర్‌వైజర్‌నే అడిగేలా చేశారు. పని తేలికైంది, వేగమూ పెరిగింది. సోర్స్ చేతిలో లేని విండోస్‌తో మాత్రం ఆ పద్ధతి కుదరదు. తెలివిలో వీఎమ్‌వేర్‌దే పైచేయి అని నా అభిప్రాయం. అయితే 2006లో అమెజాన్ ఈసీ2 పేరుతో గంటల లెక్కన సర్వర్లు అద్దెకిచ్చినప్పుడు వాటి కింద నడిచింది జెన్. అప్పటికే ఇంటెల్, ఏఎమ్‌డీలు ఆ లోపాన్ని సిలికాన్‌లోనే సరిదిద్దడం మొదలుపెట్టాయి. ఆ తర్వాత కేవీఎం అనే హైపర్‌వైజర్ లైనక్స్‌లో కలిసింది. 2017లో అమెజాన్ నైట్రో పేరుతో నెట్‌వర్క్, డిస్క్ పనులను విడి కార్డులకు అప్పగించి హైపర్‌వైజర్‌ను బాగా పలచబరిచింది.

ఇంత పోరాడి సాధించింది, అతిథి చేతిలోంచి ప్రాసెసర్‌ను ఏ క్షణంలోనైనా వెనక్కి తీసుకోగల అధికారం. టైమర్ మోగగానే హైపర్‌వైజర్ ఒకరిని దింపి ఇంకొకరిని ఎక్కిస్తుంది. దిగినవాడు చచ్చిపోడు, కాస్త ఆలస్యమవుతాడు, అంతే. లైనక్స్‌లో టాప్ అని కొట్టి చూస్తే ‘ఎస్‌టీ’ అనే గడిలో అలా పరులపాలైన సమయం శాతంలో కనిపిస్తుంది. మెమరీ సంగతి అలా కాదు. అందులో ఒకరి డేటా ఉన్నంతసేపూ ఆ చోటు ఇంకొకరికి లేదు. సీపీయూ చాలకపోతే పేజీ ఆలస్యంగా తెరుచుకుంటుంది. మెమరీ చాలకపోతే లైనక్స్ కెర్నల్ ఏదో ఒక ప్రోగ్రామును చంపేస్తుంది. 1 జీబీ సర్వరులో ఆ వేటు చాలాసార్లు డేటాబేస్ మీదే పడుతుంది. అందుకే మెమరీని గరిష్ఠ అవసరాన్ని బట్టి కొనాలి, సీపీయూను రోజు సగటును బట్టి కొనాలి. ఇది తెలిశాక అమెజాన్ సర్వరు రకాల పేర్లు భయపెట్టవు. ఒక్కో వీసీపీయూకు, అంటే అద్దెదారుకు ఒక ప్రాసెసర్‌గా కనిపించే వాటాకు, సి కుటుంబంలో సుమారు 2 జీబీ, ఎమ్‌లో 4, ఆర్‌లో 8 వస్తాయి. ప్రభల తీర్థం వీడియోలు మార్చే పని సీపీయూను నమిలేస్తుంది, మెమరీ పెద్దగా అడగదు కాబట్టి సి చాలు. లక్షలమంది భూముల వివరాలను మెమరీలో ఉంచుకుని వెతికే డేటాబేస్‌కు ఆర్ కావాలి. ఏమీ కొలవకుండా మొదలుపెట్టేవాళ్లకు ఎమ్. ఏఐ మోడళ్లకు శిక్షణ ఇచ్చే జీపీయూ రకాలు వేరే లోకం, ఇక్కడ వాటి జోలికి పోను.

నాకు అన్నిటికంటే ముచ్చటగొలిపేది టి కుటుంబం, అందులోనూ 2014లో వచ్చిన టి2. కాలాన్ని అరువు పెట్టవచ్చన్న సూత్రాన్ని అది నేరుగా సరుకుగా మార్చి అమ్మింది. టి2.మైక్రోకు గంటకు 6 క్రెడిట్లు వస్తాయి. ఒక క్రెడిట్ అంటే ఒక వీసీపీయూను ఒక నిమిషంపాటు పూర్తిగా వాడుకునే హక్కు. అంటే దాని నికర వాటా 10 శాతమే. వాడకుండా మిగిలినవి 144 దాకా, అంటే ఒక రోజు రాబడి దాకా, పోగవుతాయి. వేసవిలో కాలువలు కట్టేసే ముందు కోనసీమ ఊళ్లు మంచినీటి చెరువు నింపుకుంటాయే, ఇదీ అంతే. వచ్చే ధార సన్నం, నిల్వకు ఒక గట్టు, గట్టు దాటింది పోయినట్టే, అవసరం వచ్చిన రోజున మాత్రం ధారతో నిమిత్తం లేకుండా తోడుకోవచ్చు. ఇప్పుడు కాలేజీ ఫలితాల రోజు లెక్క వేద్దాం. సర్వరు పూర్తి వేగంతో పరుగెడితే గంటకు 60 క్రెడిట్లు ఖర్చు, 6 రాబడి, నికరంగా 54 తరుగు. 144 నిల్వ 2 గంటల 40 నిమిషాల్లో అడుగంటుతుంది. ఆ తర్వాత సర్వరు 10 శాతానికి పడిపోతుంది. పిల్లలు మధ్యాహ్నందాకా రిఫ్రెష్ కొడుతూనే ఉంటారు! రొయ్యల చెరువుల సెన్సర్లకైతే ఇదే సర్వరు హాయిగా సరిపోతుంది. ఒక్కో అంకె రాసుకోవడానికి కొన్ని మిల్లీసెకన్లు చాలు. నీటిలో ఆక్సిజన్ తెల్లవారుజామున బాగా పడిపోతుంది కాబట్టి హెచ్చరికలు ఆ వేళకే గుంపుగా వస్తాయి. అప్పటికి పగలంతా పోగైన క్రెడిట్లు సిద్ధంగా ఉంటాయి.

2018లో వచ్చిన టి3లో క్రెడిట్లు అయిపోయినా వేగం తగ్గకుండా, అదనపు వాడకానికి బిల్లు వేసే పద్ధతి మామూలైంది. ఇంకేం, ఎప్పుడూ టి3నే తీసుకోవచ్చు కదా అనిపిస్తుంది. లెక్క ఒప్పుకోదు. అమెరికాలో కొన్నిచోట్ల, లైనక్స్ మీద, టి3.లార్జ్ అద్దె గంటకు 8.32 సెంట్లు, ఎమ్5.లార్జ్‌ది 9.6 సెంట్లు. రెండిటికీ రెండేసి వీసీపీయూలు, 8 జీబీ. టి3.లార్జ్ నికర వాటా 30 శాతం, అది దాటితే వీసీపీయూ గంటకు 5 సెంట్లు. తేడా 1.28 సెంట్లతో పావు వీసీపీయూ గంట మాత్రమే వస్తుంది, రెండింటి మీద సర్దితే దాదాపు 13 శాతం. అంటే రోజు సగటు వాడకం సుమారు 43 శాతం దాటితే ఎమ్5 చౌక, దాటకపోతే టి3.

మెమరీని కూడా అప్పివ్వవచ్చు, బెలూనింగ్ అనే పద్ధతి ఉందిగా అని తెలిసినవాళ్లు అడ్డు చెప్పవచ్చు. ఉంది. 2002లో వీఎమ్‌వేర్‌కు చెందిన కార్ల్ వాల్డ్‌స్పర్గర్ వివరించారు. అతిథి లోపల ఒక చిన్న డ్రైవర్ కావాలనే మెమరీ అడిగి పట్టుకుంటుంది, అలా దొరికిన చోటును హైపర్‌వైజర్ బయటికి లాగేస్తుంది. అయితే ఖాళీగా ఉన్నది ఇచ్చేశాక అతిథి తన డేటాను డిస్కుకు తోసుకోవాల్సిందే, డిస్కు వేగం మెమరీకి ఏ మూలకూ సరిపోదు. ఒకే సంస్థ సొంత సర్వర్ల మధ్య ఈ సర్దుబాటు నడుస్తుంది, ముక్కూమొహం తెలియని అద్దెదారుల మధ్య నడవదు. ఈసీ2 మెమరీని ఇద్దరికి పంచి అమ్మదు. టిలో మెమరీ క్రెడిట్లు లేకపోవడానికి కారణం ఇదే. రద్దీని బట్టి సర్వర్లు వాటంతటవే పెరిగే ఏర్పాటు ఉండగా ఈ ఎంపిక గొడవ ఎందుకన్నది మరో మాట. కొత్త సర్వరు లేచి పనిలో దిగడానికి నిమిషాలు పడుతుంది, ఫలితాల రద్దీ సెకన్లలో మీద పడుతుంది. పైగా మెమరీ చాలని డేటాబేస్ పక్కన మెమరీ చాలని సర్వర్లు ఇంకో నాలుగు పెడితే ఒరిగేదేముంది? అన్నిటికంటే బలమైన అభ్యంతరం, ఆపి రకం మార్చి మళ్లీ మొదలుపెట్టడం నాలుగు క్లిక్కుల పని అన్నది. ఒప్పుకుంటాను. అందుకే మొదటిరోజే సరిగ్గా ఎంచాలని నేననను. ఎమ్‌తో మొదలుపెట్టి, రెండు వారాల సీపీయూ సగటు, మెమరీ గరిష్ఠం చూసి మారితే చాలు. అయితే ఆ మార్పు పూర్తిగా ఉచితం కాదు. టి2ను ఆపితే పోగైన క్రెడిట్లు పోతాయి, యంత్రంలోనే ఉండే డిస్కు గల రకాల్లో ఆ డేటా పోతుంది, అమెజాన్ సొంత ప్రాసెసర్ గ్రావిటన్‌కు మారితే ప్రోగ్రాములను దానికి తగ్గట్టు మళ్లీ కట్టుకోవాలి. గ్రావిటన్‌లో వీసీపీయూ అంటే పూర్తి కోర్, ఎమ్5 లాంటి ఇంటెల్ రకాల్లో కోర్‌లో నడిచే రెండు దారాల్లో ఒకటి. కాబట్టి ఆ అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చకూడదు.

ఇక మిగిలింది సర్వరు ఎక్కడ ఉండాలన్నది. అమెజాన్ ముంబై రీజియన్, అంటే అక్కడి సర్వర్ల కేంద్రం, 2016 నుంచి ఉంది, హైదరాబాద్‌ది 2022 నవంబరులో మొదలైంది. కాంతి గాజు తీగలో సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది కాబట్టి అమలాపురం నుంచి ఆ రెండింటికీ ఉండే తేడా మిల్లీసెకన్లలోనే, చెరువు హెచ్చరికకు అది లెక్కే కాదు. కానీ అన్ని రకాలూ అన్ని రీజియన్లలో దొరకవు, ధరలూ ఒక్కలా ఉండవు. పైన వేసిన 43 శాతం లెక్కను హైదరాబాద్ ధరలతో మళ్లీ వేసుకోవాలి.