మంచు భూతాల కొండ – జావో
(తాడు మీద ఎక్కి, వేడినీళ్ళలో దిగి వచ్చే ప్రయాణం)



పొద్దున్నే చన్నీళ్ళ స్నానమంటే బకెట్టు చుట్టూ నాలుగుసార్లు తిరిగేవాళ్ళం మనం. కట్టె ముట్టించకుండా, బొగ్గు కాల్చకుండా కొండలోంచి వేడినీళ్ళు వాటంతట అవే పారుతుంటే ఎలా ఉంటుంది? ఆ వేడినీళ్ళ చుట్టూ నడుంలోతు మంచు కూడా ఉంటే? ఇది కథ కాదండీ. జపాన్ దేశంలో జావో అనే చోట నిజంగానే ఇలా ఉంటుంది. మనం అక్కడికి బయలుదేరామనుకుని ఇది చదవండి.

ఎక్కడుంది?

జపాన్ దీవుల దేశం. వాటిలో పెద్ద దీవి పేరు హోన్షూ. దాని ఉత్తర భాగంలో యమగత, మియాగి అనే రెండు ప్రాంతాల సరిహద్దు మీద జావో కొండల వరస ఉంది. అన్నిటికన్నా ఎత్తయిన శిఖరం కుమానో. దాని ఎత్తు 1,841 మీటర్లు. మన తూర్పు కనుమల్లో పెద్ద శిఖరాలు కూడా 1,600 మీటర్లు దాటినవే. ఎత్తులో అంత పెద్ద తేడా ఏమీ లేదు. మరి అక్కడ అంత మంచు ఎందుకు? జావో సుమారు 38 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మన కంటే భూమధ్యరేఖకు చాలా దూరం. అదొక కారణం. ఇంకో కారణం గాలి. దాని సంగతి తర్వాత చెప్తాను.

టోక్యో నగరం నుంచి షింకన్‌సెన్ అనే వేగం రైలెక్కితే మూడు గంటల లోపే యమగత వస్తుంది. అక్కడి నుంచి బస్సులో నలభై నిమిషాలు వెళితే జావో ఒన్సెన్ అనే ఊరు. ఒన్సెన్ అంటే వేడినీటి ఊట.

తాడు మీద ప్రయాణం

ఈ ఊరి నుంచి కొండపైకి రోప్‌వే ఉంది. శ్రీశైలంలో పాతాళగంగకి దిగే రోప్‌వే చూసినవాళ్ళకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ఉక్కు తాళ్ళకి పెట్టెలు వేలాడతాయి. మోటారు తాడుని లాగుతుంది. మనం పెట్టెలో నిలబడితే చాలు, చెట్ల మీదుగా పైకి పోతాం.

జావోలో ఇది రెండు అంచెలు. మొదటి అంచెలో పెద్ద పెట్టెలో కొండ నడుమ దాకా వెళతారు. అక్కడ దిగి రెండో దానిలో ఎక్కితే 1,661 మీటర్ల ఎత్తున ఉన్న చివరి స్టేషన్ వస్తుంది. ఈ రెండో అంచెలో ఒక విశేషముంది. పెట్టె ఒక తాడుకి కాదు, పక్కపక్కనే దూరంగా ఉన్న రెండు తాళ్ళకి పట్టుకుని ఉంటుంది. పైన గాలి చాలా బలంగా వీస్తుంది. కావడి ఒక చేత్తో పట్టుకుంటే ఊగుతుంది కదా, రెండు చేతులా పట్టుకుంటే నిలకడగా ఉంటుంది. ఇదీ అంతే.

పైన దిగగానే దగ్గర్లో ఒక పెద్ద రాతి విగ్రహం కనిపిస్తుంది. పేరు జిజో. బౌద్ధులు బాటసారులనీ పిల్లలనీ కాపాడేవాడని కొలిచే మూర్తి. కొండ మీద దారితప్పి ప్రాణాలు పోకూడదని 1775లో నిలబెట్టారు. చలికాలంలో మంచు ఆయన మెడ దాకా వచ్చేస్తుంది.

మంచు భూతాలు ఎలా పుడతాయి?

అసలు వింత ఇప్పుడు మొదలు. జనవరి చివర, ఫిబ్రవరి నెలలో పైకి వెళితే కొండంతా తెల్లటి ఆకారాలు నిలబడి ఉంటాయి. ఒకటి వంగి నడుస్తున్న ముసలమ్మలా ఉంటే, ఇంకొకటి చేతులు చాచిన రాక్షసుడిలా ఉంటుంది. వీటిని జపాన్ వాళ్ళు జుహ్యో అంటారు. అంటే ‘చెట్టు మంచు’ అని. చూడ్డానికి వచ్చినవాళ్ళు మంచు భూతాలంటారు.

లోపల ఉన్నది భూతం కాదు, చెట్టు. ఫర్ జాతి చెట్టు. సూదుల్లాంటి ఆకులు ఏడాది పొడుగునా రాలకుండా ఉంటాయి. ఇప్పుడు గాలి సంగతి చెప్తాను. చలికాలంలో సైబీరియా నుంచి ఎముకలు కొరికే గాలి వస్తుంది. జపాన్ సముద్రం మీదుగా వచ్చేటప్పుడు తేమ పీల్చుకుంటుంది. ముందున్న కొండల మీద కొంత మంచు కురిపించి, మిగిలిన మబ్బుతో జావోని గుద్దుకుంటుంది. ఆ మబ్బులోని నీటిచుక్కలు సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉన్నా ఇంకా గడ్డకట్టి ఉండవు. గాల్లో తేలే సన్న చుక్కలు ఒక్కోసారి అలా ద్రవంగానే ఉండిపోతాయి. దేన్నైనా తాకాయా, ఆ క్షణమే గడ్డ! ఫర్ ఆకుల్ని తాకి గడ్డకడతాయి. ఆ సందుల్లో మంచుపొడి ఇరుక్కుంటుంది. దాని మీద మళ్ళీ చుక్కలు. ఇలా రోజుల తరబడి జరిగితే చెట్టు భూతమవుతుంది.

ఇక్కడ తమాషా చూడండి. ఈ మంచు గాలి పోయే వైపు పెరగదు, గాలి వచ్చే వైపుకి పెరుగుతుంది. ఎందుకంటే చుక్కలు ముందు తగిలేది ఆ వైపే.

వేడినీళ్ళు ఎక్కడివి?

జావో అగ్నిపర్వతాల వరస. వానా మంచూ కరిగి నేలలోకి ఇంకుతాయి. లోపలి వేడికి కాగి, అగ్నిపర్వతపు వాయువుల్ని కలుపుకుని పైకి తన్నుకొస్తాయి. అందుకే ఊరంతా గంధకం వాసన, అంటే కుళ్ళిన గుడ్డు వాసన. ఈ నీళ్ళలో ఆమ్లం చాలా ఎక్కువ. వెండి గొలుసుతో దిగితే నల్లబడుతుంది. కళ్ళలో పడితే మంట.

మన భద్రాచలం దగ్గర గుండాలలో కూడా వేడినీళ్ళు ఊరతాయి. కాని అక్కడ అగ్నిపర్వతం లేదు. నీరు భూమిలో బాగా లోతుకి పోయి వేడెక్కి వస్తుంది. వేడి ఒకటే, కారణం వేరు.

స్నానానికి అక్కడ కట్టుబాట్లున్నాయి. ముందు బయట కూర్చుని సబ్బుతో ఒళ్ళు శుభ్రంగా కడుక్కోవాలి. ఆ తర్వాతే ఊటలో దిగాలి. ఊటలో సబ్బు పెట్టకూడదు, తువ్వాలు ముంచకూడదు. నీళ్ళు అందరివీ కాబట్టి. (మన తొట్టి దగ్గర కూడా ఇది రాసి పెడితే బాగుండును!)

మంచు లేని నెలల్లో వస్తే ఒకామా అనే గుండం చూడవచ్చు. ఒకామా అంటే వంటపాత్ర, మన వంటశాలలో గంగాళం లాంటిది. అది అగ్నిపర్వతపు నోట్లో నిలిచిన చెరువు. ఎండని బట్టి పచ్చగా, నీలంగా రంగు మారుతుంది. నీళ్ళలో ఆమ్లం ఎక్కువ కావడంతో చేపలు బతకవు.

ఇప్పుడు వచ్చిన కష్టం

ఇంత దూరం చదివాక ఒక బాధ కలిగించే సంగతి కూడా చెప్పాలి. 2013లో ఒక రకం చిమ్మట పురుగులు ఈ ఫర్ చెట్ల ఆకుల్ని తినేశాయి. చెట్లు నీరసించాయి. నీరసించిన మనిషికి జ్వరం పట్టినట్టు, ఆ చెట్లకి బెరడు తొలిచే పురుగు పట్టింది. యమగత వైపు సుమారు 23,000 చెట్లు చచ్చిపోయాయి. ఆకుల్లేని మోడుకి మంచు సరిగా పట్టదు. మరోవైపు భూమి వేడెక్కుతోంది. 1930లలో అయిదారు మీటర్ల మందం ఉన్న జుహ్యోలు, 2019 తర్వాత చాలా చోట్ల అర మీటరుకి తగ్గాయని అక్కడి శాస్త్రవేత్తలు కొలిచి చెప్పారు.

మరి ఏం చేస్తున్నారు? 2019 నుంచి అటవీశాఖ వాళ్ళు కింది వాలులో తమంతట తాము మొలిచిన మొక్కల్ని తీసి పైన నాటుతున్నారు. ఇప్పటికి నూట తొంభై పైనే నాటారు. ఇరవై మూడు వేలెక్కడ, నూట తొంభై ఎక్కడ అని నవ్వొద్దు. ఆ ప్రాంతంలోని ఒక హైస్కూలు పిల్లలు కూడా 2022 నుంచి ఈ చెట్టుని కొమ్మల నుంచి ఎలా మొలిపించాలో నేర్చుకుంటున్నారు. మన ఈడు వాళ్ళే.

ఈ చెట్టు పూర్తిగా ఎదగాలంటే యాభై నుంచి డెబ్బై ఏళ్ళు పడుతుంది. అంటే ఈ రోజు మొక్క నాటిన పిల్లవాడు దాని మీద మంచు భూతాన్ని చూసేసరికి తాత అయిపోతాడు. అయినా నాటుతున్నాడు. మన ఊళ్ళో ఇప్పపువ్వు ఏరుకునేటప్పుడు, ఆ చెట్టు కొట్టకుండా ఉంచిందెవరో ఒక్కసారి ఇంట్లో అడగండి. ఈ సెలవులకి ఊరెళ్ళినప్పుడు అడిగి రండి. వచ్చే సంచికలో రాసుకుందాం.