ఎలక్ట్రిక్ సైకిల్‌కి బోరు కనెక్షన్ నుంచి చార్జింగ్ పెట్టొచ్చా?

పొలానికి ఎలక్ట్రిక్ సైకిల్ మీద వెళ్లేవాళ్లు పెరుగుతున్నారు. "లైసెన్సు అక్కర్లేదు కదా, బోరు స్టార్టర్ దగ్గరే చార్జింగ్ పెట్టేసుకుందామా?" అని చాలామంది అడుగుతున్నారు.

ముందు లైసెన్సు సంగతి. కేంద్ర మోటారు వాహన నిబంధనల ప్రకారం మోటారు 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉంటేనే మినహాయింపు. ఆన్‌లైన్‌లో దొరికే 750 వాట్ల కిట్ అమెరికా లెక్కది. అక్కడ కూడా ఇష్టమొచ్చినట్టు తిరగనివ్వరు. 2020లో వచ్చిన వాళ్ల నేషనల్ పార్కుల రూలు చూడండి: పార్కు అధికారులు అనుమతించిన దారుల్లోనే వెళ్లాలి. మామూలు బండ్లు తిరగని బాటల్లో పెడల్ తొక్కుతూ మాత్రమే మోటారు సాయం తీసుకోవాలి, ఊరికే థ్రాటిల్ తిప్పుకుంటూ పోకూడదు. మన దగ్గర ఆ కిట్ బిగించి రోడ్డెక్కితే అది మోటారు వాహనమే. రిజిస్ట్రేషన్, లైసెన్సు, ఇన్సూరెన్సు అన్నీ కావాలి.

ఇక చార్జింగ్. వ్యవసాయ కనెక్షన్ ఇచ్చింది పంపుసెట్టుకి. దాన్ని వేరే పనికి వాడితే విద్యుత్ చట్టం 2003, సెక్షన్ 126 కింద అనధికార వినియోగం అవుతుంది. ఎప్పటి నుంచి వాడుతున్నారో తేలకపోతే తనిఖీకి ముందు 12 నెలలకు లెక్కేసి, రెట్టింపు రేటు కట్టమంటారు. ఇంతా చేసి మిగిలేదెంత? 36 వోల్టులు, 10 ఆంపియర్ అవర్ల బ్యాటరీ అంటే 360 వాట్ అవర్లు. చార్జర్‌లో పోయేది కలుపుకున్నా దాదాపు అర యూనిట్. ఇంటి మీటరు మీద అదెంత ఖర్చండీ!

డబ్బు సంగతి పక్కన పెట్టినా, స్టార్టర్‌లో రెండు ఫేజుల మధ్య వైరు తగిలిస్తే 415 వోల్టులు వస్తాయి. చార్జర్ మాడిపోతుంది, తగిలించినవాడికీ ప్రమాదమే. సోలార్ పంపు ఉన్నవాళ్లు కూడా కంట్రోలర్ నుంచి మోటారుకి వెళ్లే వైరుకి చార్జర్ కలపొద్దు. ఆ కరెంటు ఎండను బట్టి మారుతూ ఉంటుంది. పొలంలోనే చార్జింగ్ కావాలంటే విడిగా చిన్న ప్యానెల్, మీ బ్యాటరీకి సరిపడే లిథియం చార్జ్ కంట్రోలర్ పెట్టించుకోండి. నన్నడిగితే బ్యాటరీ ఊడదీసి ఇంటికి తెచ్చుకోవడమే తేలిక.

ఎండలో తిరిగొచ్చిన వెంటనే చార్జింగ్ పెట్టొద్దు, బ్యాటరీ చల్లారనివ్వండి. గడ్డివాము పక్కన, మల్చింగ్‌కి తెచ్చిన ఎండాకుల కుప్ప దగ్గర అసలే వద్దు. దానితో వచ్చిన చార్జరే వాడండి.

జీవామృతం క్యాన్లు కట్టుకెళ్లేవాళ్లు మూత బిగించి, బ్యాటరీకి దూరంగా వెనక క్యారియర్ మీద పెట్టండి. గోమూత్రం ఒలికితే కనెక్టర్ పిన్నులు తుప్పు పడతాయి. క్యాన్ ఎలా కట్టాలో వీడియోలో చూపించాను.