పాత సరకుబండి: ఇంట చేసికొనదగిన మరమ్మతులు, చేయరాని మార్పులు

మన బడికి పిల్లలను పంపుచున్న కుటుంబములలో సరకుబండియే జీవనాధారముగా గలవారు అనేకులు కలరు. కోలారు సీమలో టొమాటో పెట్టెలు, హోసూరు ప్రాంతమున పూలు, కూరగాయలు, షోలాపురమున దుప్పట్ల మూటలు మోయుచు తెలుగువారి బండ్లు తిరుగుచునే యుండును. అట్టి బండి ఒక దినము నిలిచినచో ఆ దినపు రాబడి పోవును. వారము నిలిచినచో బండి వాయిదా మొదలు బడి జీతము వఱకు సమస్తము వెనుకబడును. కావున పాత బండిని ఇంటివద్ద ఎంతవఱకు బాగుచేసికొనవచ్చునో, ఎచ్చట చేయి నిలుపవలయునో తల్లిదండ్రులకు విన్నవింపదలచితిమి.

ఉదాహరణమునకు టాటా ఏస్ బండిని గైకొందము. ఇది 2005లో విడుదలయ్యెను. తొలి బండిలోని డీజిల్ ఇంజనుకు రెండు సిలిండర్లు, 702 ఘనసెంటీమీటర్ల పరిమాణము, సుమారు 16 గుఱ్ఱపు బలము కలవు. మోయదగిన బరువు సుమారు 750 కిలోలు. దీనిని హిందీవారు ‘ఛోటా హాథీ’ అనియు, తమిళులు ‘కుట్టి యానై’ అనియు ముద్దుపేర్లతో పిలుతురు. రెంటికిని చిన్న ఏనుగు అనియే అర్థము. తొలి బండ్లకు ఇప్పటికి ఇరువది యేండ్లు దాటినవి. ఏనుగు చిన్నదైనను దాని స్వభావము మావటికి తెలియవలయును గదా! ఇచట చెప్పబోవు సంగతులు ఏ కంపెనీ పాత బండికైనను చాలవఱకు వర్తించును.

పనికి ముందు

బండి క్రిందికి దూరుట అన్నిటికంటె అపాయకరమైన పని. జాకీ బండిని లేపుటకే గాని లేపి నిలుపుటకు కాదు. సమమైన గట్టినేలపై బండిని నిలిపి, చేతిబ్రేకు వేసి, నేలపై నుండు చక్రములకు ముందు వెనుకల చెక్కదిమ్మెలు అడ్డుపెట్టవలయును. చక్రము విప్పవలసినచో దాని నట్లను బండి నేలపై నుండగనే కొంచెము వదులుచేసి, పిమ్మట లేపవలయును. లేపిన వెంటనే గట్టి ఇనుప స్టాండును చట్రము క్రింద ఉంచవలయును. ఇటుకలు పేర్చుట తగదు. ఇటుక ముందుగా చెప్పి పగులదు. నట్లు బిగించునపుడు వరుసగా గాక ఎదురెదురుగా బిగించిన చక్రము వంకర లేక కూర్చుండును. యాభై నూరు కిలోమీటర్లు నడచిన పిదప మరల ఒకమారు బిగించి చూడుట మంచిది.

ఇంజను

ప్రతి ఉదయము ఇంజను చల్లగా నున్నపుడు నూనె మట్టమును, రేడియేటరు నీటిని చూచుట రెండు నిమిషముల పని. కాగిన రేడియేటరు మూతను తీయుట ఎన్నడును కూడదు. లోపలి నీరు ఒత్తిడిలో నుండుటచే నూరు డిగ్రీలు దాటియు మరగక యుండును. మూత తీసిన మరుక్షణమే ఆవిరియై ముఖముపైకి చిమ్మును.

గాలి వడపోత దుమ్ముతో మూసికొన్నచో ఇంజనుకు ఊపిరి చాలదు. డీజిల్ పూర్తిగా మండక నల్లని పొగ వచ్చును. ఇటుకబట్టీలకు, కంకర క్వారీలకు తిరుగు బండ్లకు ఈ వడపోతను ఇతరులకంటె త్వరగా మార్చవలయును. పొగ రంగు వైద్యుని చేతిలోని నాడి వంటిది. నల్లనిపొగ గాలి తక్కువకో డీజిల్ ఎక్కువకో గుఱుతు. నీలిపొగ ఇంజను నూనె మండుచున్నదనుటకు గుఱుతు. ఇంజను వేడెక్కిన పిదపను తెల్లనిపొగ విడువకున్న, మండని డీజిలో, లోనికి చేరిన నీరో కారణము కావచ్చును. మొదటిదానికి వడపోతను ఇంట మార్చి చూడవచ్చును. తక్కిన రెంటికి మెకానిక్కును పిలువవలయును.

డీజిల్ వడపోత అడుగున నీరు చేరును. దానిని అప్పుడప్పుడు వదలివేయవలయును. డీజిల్ పూర్తిగా అయిపోయి బండి నిలిచినచో గొట్టములలో గాలి చేరును; చేతిపంపుతో ఆ గాలిని వెడలగొట్టిన గాని ఇంజను తిరుగదు. అయితే ఇంజను తిరుగుచున్నపుడు ఇంజెక్టరు గొట్టములయందు కారుచున్న చోటును వ్రేలితో తడవి వెదకరాదు. ఆ ఒత్తిడికి సన్నని డీజిల్ ధార చర్మమును చీల్చుకొని లోనికి పోగలదు. గాయము సూదిపోటంత కనబడినను ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలసిన స్థితి అది.

బ్యాటరీ

బండి ఉదయము కదలకున్న క్రొత్త బ్యాటరీ కొనుటకు ముందు కొసలను చూడుడు. తెల్లని, పచ్చని పూత పట్టియుండుటయే తరచుగా కారణము. మొదట ఋణాగ్రపు తీగను, పిమ్మట ధనాగ్రపు తీగను విప్పవలయును; తగిలించునపుడు ఋణాగ్రము కడపట. ఈ క్రమము తప్పినచో చేతిలోని పానా చట్రమునకు తగిలి నిప్పురవ్వలు లేచును. వంటసోడా కలిపిన నీటితో పూతను కడిగి, తుడిచి, కొసలకు వాజలీను పూయవలయును. చేతితొడుగులు, కన్నులకు అద్దములు ధరింపవలయును. మీటరు గలవారు కొలిచి చూడవచ్చును. నిండిన బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపును; 12 కంటె తగ్గినచో దాదాపు ఖాళీ యని గ్రహింపవలయును. ఇంజను తిరుగుచుండగా 14 వోల్టుల ప్రాంతము చూపకున్న దోషము బ్యాటరీది కాదు, దానిని నింపు ఆల్టర్నేటరుదో బెల్టుదో అయియుండును.

టైర్లు, తొట్టి

టైరు అరుగుదల తన కథ తానే చెప్పును. నడుమ అరిగిన గాలి ఎక్కువ. రెండంచులు అరిగిన గాలి తక్కువ. ఒక్క అంచే అరిగిన చక్రముల అమరిక తప్పినది. టైరు ప్రక్కన నాలుగంకెల ముద్ర కలదు. 2319 అని యున్న 2019వ సంవత్సరము ఇరువదిమూడవ వారమున తయారైనదని అర్థము. పాత టైరు కొనునపుడు గాట్లను మాత్రమే గాక ఈ అంకెలను గూడ చదువవలయును.

తొట్టికి తుప్పే శత్రువు. ఉప్పు, చేపలు, ఎరువులు మోయు బండ్లకు ఈ బాధ మిక్కుటము. సరకు దింపిన సాయంత్రమే మంచినీటితో కడిగి, అడుగు రంధ్రములు మూసికొనకుండ చూడవలయును. తుప్పు కనబడినచోట ఉప్పుకాగితముతో మెఱయు ఇనుము బయటపడువఱకు గీకి, దుమ్ము తుడిచి, రెడ్ ఆక్సైడు పూసి, ఆరిన పిదప రంగు వేయవలయును. తుప్పుపైననే రంగు వేయుట పుండుపై పట్టుగుడ్డ కప్పుట వంటిది.

బ్రేకులు

బ్రేకుల విషయమున ఇంటివారి పని గమనించుటయే, విప్పుట కాదు. తొక్కుడుపలక మెత్తగా దిగిపోవుట, బండి ఒక ప్రక్కకు లాగుట, చక్రము లోపల నూనె తడి కనబడుట, ఇనుము రాచిన చప్పుడు వినబడుట: వీనిలో ఏ ఒక్కటి కనబడినను ఆ దినమే మెకానిక్కు వద్దకు పోవలయును. బ్రేకు నూనె గాలిలోని తేమను పీల్చుకొను గుణము కలది. డాట్ 3 రకము క్రొత్తదైనపుడు కనీసము 205 డిగ్రీల వఱకు మరగదు. తేమ చేరిన పిదప 140 డిగ్రీలకే మరగవచ్చును. ఘాటు దిగునపుడు అట్టి నూనె మరగి బుడగలు కట్టినచో ఎంత తొక్కినను బ్రేకు పట్టదు. కావున నూనె తగ్గకున్నను కాలము నిండినపుడు మార్పించుట ప్రాణరక్షణ.

కమానులు, దీపములు

ఎక్కువ బరువు మోయవలెనని కమాను కట్టకు రెండు పట్టీలు అదనముగా వేయించు అలవాటు అంతటను కలదు. కమాను బలిసినంత మాత్రమున బ్రేకు బలియదు, ఇరుసు బలియదు, టైరు బలియదు. ఏస్ బండి సొంత బరువు సుమారు 800 కిలోలు. 750 కిలోల సరకుతో మొత్తము 1550 అగును. దానిపై 1500 కిలోలు వేసినచో మొత్తము 2300. అనగా అదే వేగమున పోవు బండిని ఆపుటకు బ్రేకులు సుమారు ఒకటిన్నర రెట్లు పని చేయవలయును. వేగము రెట్టింపైనచో ఆ పని నాలుగు రెట్లగును. విఱిగిన కమాను పట్టీని వెల్డింగు చేయించుటయు తగదు. ఆ వేడికి ఉక్కు పదును చెడి, ప్రక్కననే మరల విఱుగును.

దీపములును అట్లే. 60 వాట్ల దీపము 12 వోల్టులపై 5 ఆంపియర్లు తీసికొనును; 100 వాట్లది ఎనిమిదికి పైగా తీసికొనును. తీగలో పుట్టు వేడి ఆంపియర్ల వర్గమును బట్టి పెరుగును గావున, అదే తీగ సుమారు రెండు ముప్పాతిక రెట్లు వేడెక్కును. ఫ్యూజు పోయినచోట లావు తీగ చుట్టుట నిప్పును పిలిచి పీటవేయుటయే. వెలుగు చాలకున్న ముందు దీపపు అద్దమును తుడిచి, ఎర్తు తీగ బిగువును చూడుడు. ముందు తెలుపు, వెనుక ఎఱుపు వెలుగు పట్టీలు అతికించుటకు ఖర్చు స్వల్పము, ఫలము గొప్పది.

చట్టము

1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, రిజిస్ట్రేషను పత్రములోని వివరములు కంపెనీ నిర్ణయించిన వానికి భిన్నమగునట్లు బండిని మార్చరాదు. సుప్రీము కోర్టు 2019 జనవరిలో దీనిని స్పష్టముగా పలికినది. అదే సంవత్సరపు సవరణ మేరకు, అనుమతి లేని మార్పు చేయించిన యజమానికి ఆరు నెలల వఱకు ఖైదుగాని, ఒక్కొక్క మార్పునకు 5000 రూపాయల జరిమానాగాని, రెండునుగాని విధింపవచ్చును. అధిక బరువునకు 20,000 రూపాయలు, ఆపై ప్రతి అదనపు టన్నుకు 2000 రూపాయలు. గ్యాసు కిట్టు వంటివి అనుమతితో అమర్చుకొని పత్రములో వ్రాయించుకొనవలయును. అరిగిన భాగమునకు అదే కొలత గల భాగము వేయుట మరమ్మతు. బండి ఆకారమును, మోతను, ఇంజనును మార్చుట మార్పు. ఈ భేదము తెలిసిన చాలును.

ఇక ముఖ్యమైన మాట. తొట్టిలో బల్లలు బిగించి పిల్లలను బడికి, పెండ్లికి, తిరునాళ్లకు తీసికొనిపోవుట కొన్నిచోట్ల కనబడుచున్నది. తొట్టి సరకు కొఱకు చేసినది. అందు పట్టుకొన పట్టీ లేదు, తలపై కప్పు లేదు. మలుపులో నిలిచిన పిల్లల బరువు బండిని ఒరగించును. సరకుబండిలో ఊరక ఎక్కిన ప్రయాణికునికి ప్రమాదము కలిగినచో బీమా కంపెనీ బాధ్యత వహింపనవసరము లేదని 2002లోనే సుప్రీము కోర్టు తీర్పు చెప్పినది. అనగా బిడ్డ పోయిన దుఃఖముపై నష్టపరిహారపు భారము గూడ బండివాని ఇంటిపైననే పడును. మన బడి పిల్లలు ఎవరును సరకుబండి తొట్టిలో రాకుండ చూడవలసినదిగా చేతులు జోడించి వేడుచున్నాము.

బండి లెక్క

కడపట ఒక చిన్న సూచన. ప్రతి బండికి ఒక నోటుపుస్తకము పెట్టి, తేది, నడచిన కిలోమీటర్లు, చేసిన పని, ఖర్చు తెలుగున వ్రాయుడు. వ్రాయు పనిని బిడ్డకు అప్పగింపుడు. బయట కన్నడమో, తమిళమో, ఒడియాయో, మరాఠీయో మాటలాడు బిడ్డకు కమాను, ఇరుసు, పానా, తుప్పు వంటి మాటలు ఇంటి పనిలోననే పట్టుబడును, లెక్కయు వచ్చును. ఫిట్‌నెసు పరీక్ష ఎనిమిదేండ్ల వఱకు రెండేండ్లకొకసారి, పిదప ఏటేటా జరుగును గావున, ఆ గడువు తేదిని పుస్తకపు మొదటి పుటలో పెద్ద అక్షరములతో వ్రాయింపుడు. పని తెలిసిన చేయి ఎంత విలువైనదో, తనది కాని పనిని విడుచు వివేకమును అంత విలువైనది. ఈ రెండును గల ఇంట బండి నిలువక నడచును. బండితో పాటు బిడ్డల చదువును నిలువక సాగును.