పాత పికప్పుకు ప్రాణం పోయదలచిన వారికి



మీలో కొందరి దొడ్లలో చింతచెట్టు నీడన ఒక పాత పికప్పు నిలిచి ఉండవచ్చును. ముందు భాగము జీపు, వెనుక భాగము తొట్టి. మీ తండ్రిగారు ఏ రుణము మీదనో కొని, బస్తాలు మోయించి, వాయిదాలన్నీ తీర్చిన బండి. టైర్లు నేలకు అంటుకొనిపోయినవి, తొట్టిలో కోళ్లు పొదుగుచున్నవి. అయినను దానిని తుక్కుకు వేయుటకు మనసొప్పదు. అటువంటి వారు బ్యాంకుకు వచ్చి నన్నడుగు మాట ఒక్కటే: "సారూ, కొత్త బండి అప్పు మాకొద్దు. దీనికే మంచి ఇంజను వేసి లేపుకొంటాము. కొంచెం సాయం చేయండి."

ఈ కోరికలో తప్పు లేదు. బాగుచేసిన పాత బండి కొన్ని ఏండ్లు సంపాదించి పెట్టగలదు. అయితే సొమ్ము ఏ వరుసలో ఖర్చు పెట్టవలెనో తెలియక నష్టపోయిన వారిని చూచినాను. నేను స్వయముగా పొరబడిన సందర్భము కూడ ఒకటి ఉన్నది. అది కూడ చెప్పెదను.

మన దేశములో ఈ తరహా బండ్ల వంశము విల్లీస్ జీపుతో మొదలైనది. 1940 దశకము చివర మహీంద్రా వారు ముంబయిలో విడిభాగములు తెప్పించి జీపులను కూర్చిరి. తరువాత వాటిని ఇక్కడనే తయారు చేసిరి. మొదటి కాలపు జీపులలో పెట్రోలు ఇంజను ఉండెడిది. 1980 దశకములో 2112 సి.సి. ప్యూజో డీజిల్ ఇంజను, ఆపైన 2523 సి.సి. డీజిల్ ఇంజను వచ్చినవి. 1988లో టాటా వారి టాటామొబైల్ 206 పికప్పు వచ్చినది. ఒకే తయారీదారుని అనేక నమూనాలలో భాగములు ఒకదానికొకటి సరిపోవుట వలననే ఈ బండ్లు ఇంతకాలము బ్రతికినవి. హర్యానాలోని మండీ డబ్వాలీలో జీపులను కొత్తగా కట్టుట ఒక వృత్తిగా ఎదిగినది. ఢిల్లీలో మాయాపురి, చెన్నైలో పుదుప్పేట, మన విజయవాడలో ఆటోనగర్ పాత సామానుకు పేరుపొందిన చోట్లు.

ఇక నేను చెప్పదలచిన సంగతి. మా శాఖ పరిధిలో ఒక కూరగాయల వ్యాపారి ఉన్నారు. ఆయన తండ్రి నడిపిన డీజిల్ పికప్పు నాలుగేండ్లుగా నిలిచియున్నది. మరమ్మతుకు రుణము కావలెనని దరఖాస్తు ఇచ్చినారు. నేను వెళ్లి బండి చూచినాను. బానెట్ ఎత్తి చూచితిని, తలుపులు తట్టి చూచితిని, తొట్టి పలకలు లెక్కించితిని. క్రిందికి వంగి ఒకసారి టార్చి వేసి, "ఛాసిస్ బాగున్నది" అని నివేదికలో వ్రాసితిని. ఛాసిస్‌కు దట్టముగా తారు పూసి ఉన్నది. ఆ తారు ఎందుకు పూసినారని అడగవలెనన్న ఆలోచన ఆనాడు నాకు రాలేదు.

రుణము మంజూరు కాకముందే ఆయన తొందరపడి, తన నమూనా కన్న పెద్దదైన ఒక ఇంజనును విడదీసిన బండ్ల అంగడిలో 45,000 రూపాయలకు కొని తెచ్చినారు. బిల్లు లేదు. ఇంజను సంఖ్య ఉండవలసిన చోట ఆకురాయితో అరగదీసిన మెరుపు మాత్రమే ఉన్నది. మేస్త్రీ స్టార్ట్ చేసి చూపినాడు. నిజమే, చక్కగా ఆడుచున్నది. సంఖ్య లేని ఇంజనుకు మేము రుణము ఇవ్వజాలమని చెప్పగా ఆయన, "ఇంజను మంచిది గదా సారూ, నంబరు ఏమన్నా తిండి పెడుతుందా?" అన్నారు. రవాణా కార్యాలయము వారు కూడ దానిని అంగీకరింపలేదు. అమ్మినవాడు సగము సొమ్ముకే వెనుకకు తీసికొన్నాడు. మిగిలిన సగము ఆ కుటుంబమునకు రెండు నెలల కూరగాయల లాభము.

సంఖ్య తిండి పెట్టదు గాని, సంఖ్య లేని ఇంజను ఉన్న తిండిని తీసికొనిపోగలదు. మీరట్ నగరములోని సోతీగంజ్ బజారులో దొంగిలించిన వాహనములను విడదీసి అమ్ముచున్నారన్న అభియోగముపై 2021 డిసెంబరులో పోలీసులు దుకాణములను మూయించిరి. దొంగసొత్తు అని తెలిసి, లేదా అట్లు నమ్ముటకు తగిన కారణము ఉండియు కొనుట నేరము. పూర్వము భారత శిక్షాస్మృతి 411వ సెక్షను, 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షను దీనికి వర్తించును. కావున ఇంజను కొనునపుడు అమ్మువాని పేరు, చిరునామా, ఇంజను సంఖ్య గల బిల్లును, అది ఏ బండిలోనిదో ఆ బండి ఆర్.సి. నకలును తీసికొనుడు. ఇవి ఇవ్వనివాని వద్ద ధర ఎంత తక్కువైనను కొనవద్దు. డీలరు మిత్రులకు కూడ నా విన్నపమిదే. బిల్లు ఇచ్చు అంగడికి బ్యాంకు నుండి చెక్కు నేరుగా వచ్చును.

ఇంజను వెనుకకు పోయిన తరువాత మేస్త్రీ బండిని దిమ్మెలపై నిలిపి, ఛాసిస్ తారు గీకించినాడు. వెనుక కమాను పట్టీలు తగులుకొను బ్రాకెట్టు ప్రక్కన, కడ్డీ అంచు నుండి జానెడు చీలిక బయటపడినది. ఎవరో పూర్వము దానిపై అడ్డముగా వెల్డింగు బొట్లు పెట్టి తారు పూసినారు. ఆ బొట్ల ప్రక్కనే చీలిక మరల పాకినది. నేను మా మేనేజరు గారికి నివేదిక సవరించి వ్రాసి ఇవ్వవలసి వచ్చినది. అంచనా పెరిగినది. ఆ వ్యాపారికి నేను క్షమాపణ చెప్పుకొంటిని.

అందువలన మీరు మొదట చూడవలసినది ఛాసిస్. తారు, రంగు, మట్టి గీకించి పగటి వెలుతురులో చూడుడు. కమాను బ్రాకెట్లు, స్టీరింగు పెట్టె బిగించు చోటు, అడ్డకడ్డీల రివెట్లు ముఖ్యము. ఎరువుల బస్తాలు, ఉప్పుచేపలు మోసిన బండియైతే లోపలి వైపు తుప్పును సుత్తితో తట్టి పరీక్షింపుడు. గలగలలాడు శబ్దము మంచిది, బొద్దుగా మ్రోగినచో లోహము తినివేయబడినదని అర్థము. వంకర తెలిసికొనుటకు ఖరీదైన యంత్రము అక్కరలేదు. నాలుగు మూలల నుండి మట్టపు గుండు వ్రేలాడదీసి నేలపై గుర్తులు పెట్టి, మూల నుండి మూలకు రెండు కర్ణములు కొలువుడు. రెండును సమానముగా రావలెను. చీలికకు వెల్డింగు చేయునపుడు చీలిక చివర చిన్న రంధ్రము వేయింపుడు. చీలిక మొన వద్ద ఒత్తిడి అంతయు ఒక్క బిందువులో కేంద్రీకరించును. గుండ్రని రంధ్రము ఆ ఒత్తిడిని పంచి, చీలిక ముందుకు పాకకుండ ఆపును. అటుపిమ్మట బలమునకు వేయు పట్టీని అడ్డముగా తెగగోసినది గాక, చివరలు ఏటవాలుగా కోసినది వేయవలెను.

రెండవది బ్రేకులు. ఇంజను మార్చుకొన్న వారిలో పెక్కుమంది దీనిని మరచుదురు. బరువు మారకున్నను బండిలోని చలనశక్తి వేగపు వర్గమును బట్టి పెరుగును. గంటకు 40 కిలోమీటర్ల నుండి 60కి పోయినచో వేగము ఒకటిన్నర రెట్లే, కాని బ్రేకులు మ్రింగవలసిన శక్తి రెండుంబావు రెట్లు. పాత డ్రమ్ములు ఘాటు దిగునపుడు వేడెక్కి పట్టు విడుచుట మీకందరకు అనుభవమే. పాత జీపు బ్రేకులలో ఇంకొక ప్రమాదము కలదు. మాస్టర్ సిలిండరుకు ఒకే గది ఉండుట వలన ఎక్కడ ఒక గొట్టము పగిలినను నాలుగు చక్రముల బ్రేకులును పోవును. అదే తయారీదారుని తరువాతి నమూనాలలోని రెండు గదుల మాస్టర్ సిలిండరు, వాక్యూమ్ బూస్టరు, ముందు డిస్కులు అమర్చుకొన్నచో సొమ్ము సద్వినియోగమైనట్లే. ఇంజనుకు గుర్రపు శక్తి పెంచుకొనుటకన్న ఇది మేలని నా అభిప్రాయము.

ఏది పాతది కొనవచ్చును, ఏది కొనరాదు అన్నదానికి నేను పాటించు పద్ధతి ఇది. ఇనుప పెట్టెలు, అనగా గేరుబాక్సు, ఇరుసు గొట్టము, వీటితో పాటు బానెట్, తలుపులు, ఆల్టర్నేటరు, సీట్లు పాతవైనను ఫరవాలేదు. రబ్బరు ఉన్నది ఏదియు పాతది వద్దు. బ్రేకు గొట్టములు, కప్పులు, స్టీరింగు బాల్ జాయింట్లు, కింగ్ పిన్ బేరింగులు తప్పక కొత్తవే కావలెను. ఇవి విరిగినపుడు బండి నిలిచిపోదు, అదుపు తప్పును.

ఇంజను విషయములో ఆ వ్యాపారి చివరకు తన పాత ఇంజనునే బాగుచేయించినారు. సిలిండరు అరుగుదల కొలిపించి బోరు చేయించి, 0.50 మి.మీ. ఓవర్‌సైజు పిస్టన్లు వేయించినారు. క్రాంకు గ్రైండింగు, డీజిల్ పంపు కాలిబ్రేషన్ పట్టణములో జరిగినవి. అరుగుదల బోరుకు మించినచో స్లీవులు వేయు మార్గము కూడ ఉన్నది. పెట్రోలు జీపుకు డీజిల్ ఇంజను వేయదలచిన వారు మాత్రము ఒకటి గమనించవలెను. సి.జె. 3బి వంటి జీపుల ఇరుసు నిష్పత్తి 5.38. అంటే చక్రము ఒకసారి తిరుగుటకు షాఫ్టు అయిదు సార్లకు పైగా తిరుగవలెను. నెమ్మదిగా తిరుగు డీజిల్ ఇంజనుకు ఇది పొసగదు. ఇంజను అరచుచుండును గాని బండి ముందుకు సాగదు. ఐదు గేర్ల పెట్టెయైనను, తక్కువ నిష్పత్తి గల ఇరుసైనను కావలెను. నాలుగు చక్రములకు శక్తి అందు బండియైతే ముందు వెనుక ఇరుసులు రెండింటిని కలిపి మార్చవలెను. డీజిల్ ఇంజను బరువెక్కువ గనుక ముందు కమానులు కూడ కుంగును. ఇంజనుకు మీరు వేసికొన్న లెక్క ఈ విధముగా పెరుగుచు పోవును.

ఇక చట్టము. మోటారు వాహనముల చట్టము 1988, 52వ సెక్షను ప్రకారము ఆర్.సి.లోని వివరములు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నమగునట్లు బండిని మార్చరాదు. బండి నిర్మాణములో మూల లక్షణమును మార్చునదే మార్పు అని చట్టము నిర్వచించినది. కేరళ నుండి వచ్చిన ఒక వ్యాజ్యములో 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నిబంధనను గట్టిగా సమర్థించినది. ఇంజను మార్పుకు ముందుగా రవాణా అధికారి అనుమతి పొందవలెను, మార్చిన పిదప 14 దినములలో ఆర్.సి.లో నమోదు చేయించవలెను. తొట్టి పొడవు పెంచుట, ఛాసిస్ అతుకుట మాట తలపెట్టవద్దు. బ్రేకులు, గేరుబాక్సు వంటి వాటికి కూడ పని మొదలుపెట్టక ముందే కార్యాలయములో వ్రాతపూర్వకముగా అడిగి తెలిసికొనుడు. బండిపై బ్యాంకు రుణమున్నచో మా అనుమతి పత్రము కూడ తీసికొనుడు. చెప్పకుండ మార్చిన బండికి ప్రమాదము జరిగినపుడు బీమా సంస్థ అభ్యంతరము లేవనెత్తవచ్చును.

కొందరు "మాది 50 ఏండ్ల బండి, వింటేజి క్రింద నమోదు చేయించుకొందుము" అనుచున్నారు. 2021 జూలైలో వచ్చిన నిబంధనల ప్రకారము 50 సంవత్సరములు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజను మార్పు లేక అసలు రూపములో ఉన్న ద్విచక్ర, చతుశ్చక్ర వాహనములకే ఆ నమోదు లభించును. అటువంటి బండిని వ్యాపారమునకు గాని, నిత్యము రోడ్డుపై గాని నడుపరాదు. టమాటా గంపలు మోయవలసిన బండికి అది మార్గము కాదు. అద్దె బండికి, సరకు బండికి ఫిట్‌నెస్ ధ్రువపత్రమే ఆధారము. 15 ఏండ్లు దాటిన బండ్లకు ఈ రుసుములు 2022 ఏప్రిల్ నుండి బాగా పెరిగినవి. నేటి రేటు ఎంతో తెలిసికొని మీ లెక్కలో కలుపుకొనుడు. ఢిల్లీ పరిసరములలోని బంధువుల వద్ద చవకగా వచ్చుచున్నదని పాత డీజిల్ బండి కొనువారు, అక్కడ పదేండ్లు దాటిన డీజిల్ బండ్లపై 2015 నుండి వెలువడిన కోర్టు ఉత్తర్వుల సంగతి, రిజిస్ట్రేషను స్థితి, నిరభ్యంతర పత్రము విచారింపక బయానా ఇవ్వవద్దు.

ఛాసిస్ పనికిరాదని తేలినచో మొండిపట్టు వద్దు. గుర్తింపు పొందిన తుక్కు కేంద్రమునకు అప్పగించినచో డిపాజిట్ సర్టిఫికెట్టు ఇత్తురు. దానిపై కొత్త సరకు వాహనమునకు మోటారు పన్నులో 15 శాతము వరకు రాయితీ ఇచ్చుటకు కేంద్రము 2021లో వీలు కల్పించినది. మీ రాష్ట్రములో ఎంత అమలులో ఉన్నదో విచారించుకొనుడు.

రుణము మేము ఒక్కసారిగా ఇవ్వము. ఛాసిస్, బ్రేకులకు మొదటి విడత, వాటిని కంటితో చూచిన పిదప ఇంజనుకు రెండవ విడత. రంగు, కుషన్లు అన్నిటికన్న చివర. రంగు ముందు వేయించమని మిమ్ము తొందరపెట్టు మేస్త్రీని ఎందుకని అడుగుడు. నేను అడుగక మోసపోయినాను గనుక చెప్పుచున్నాను.

ఆ వ్యాపారి పికప్పు ఐదు నెలలకు సిద్ధమైనది. ఫిట్‌నెస్ పరీక్షనాడు నేనును వెంట వెళ్లితిని. తనిఖీ అధికారి క్రిందికి దూరి, బ్రాకెట్టు ప్రక్కన వేసిన కొత్త పట్టీని వ్రేలితో తడిమి చూచి, "ఇది ఎవరు వేసినారు?" అని అడిగినారు. మేస్త్రీ చేతులు తుడుచుకొనుచు ముందుకు వచ్చినాడు. ఇప్పుడు ఆ బండి వారమునకు మూడుసార్లు తెల్లవారుజామున మార్కెట్టుకు పోవుచున్నది. తొట్టికి ఇంకను రంగు పడలేదు. మూడవ వాయిదా కట్టిన తరువాత వేయించెదనని ఆయన చెప్పినారు.